‘వెయిన్’ అంటే సిరా, నరమా, ధోరణా?

మీ ప్రశ్న సారాంశం ఇది. బెంగళూరులోని ఒక ఆస్పత్రి, శస్త్రచికిత్స తర్వాత కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తల గురించి రోగులకు పంచే కరపత్రాన్ని మీరు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నారు. అందులో ‘వెయిన్’ అన్న మాట 11 చోట్ల వచ్చింది. అదే కరపత్రపు కన్నడ ప్రతిలో ‘అభిధమని’ అని ఉంది, మన పాఠ్యపుస్తకాల్లో ‘సిర’ అని ఉంటుంది, ఇంట్లో మీ అమ్మగారు మాత్రం ‘నరం’ అంటారు. తీరా నిఘంటువు తెరిస్తే ఆ ఒక్క మాటకే గనిలోని బంగారపు చార, ఆకు ఈనె, పాలరాతి మీది గీత, మనిషి ధోరణి అన్న అర్థాలు కూడా కనిపించాయి. వీటిలో అసలు అర్థం ఏది, మిగిలినవి ఎక్కడి నుంచి వచ్చాయి, తెలుగులో ఏది రాయాలి అని అడిగారు.

నేను 26 ఏళ్ళుగా ఈ ఊళ్ళో నర్సింగ్ విద్యార్థులకు శరీర నిర్మాణం చెబుతూ, రక్తం తీయడం, సెలైన్ పెట్టడం నేర్పుతున్నాను. నా తరగతికి చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు నుంచి వచ్చే పిల్లలు ఎక్కువ కావడంతో ఈ తికమక నాకు ఏటా ఎదురయ్యేదే. ముందుగా నా అభిప్రాయం చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. ‘వెయిన్’ అనేది చాలాకాలం పాటు రక్తం పారే ఏ నాళానికైనా పేరుగా ఉండేది. గుండె వైపు రక్తాన్ని తెచ్చే నాళం అన్న ఇరుకైన అర్థాన్ని వైద్యశాస్త్రం తర్వాత బిగించింది. మన ‘నరం’ ఆ పాత, విశాలమైన అర్థంలోనే ఇప్పటికీ ఉంది. కాబట్టి మీ అమ్మగారిది తప్పు కాదు. అయినా కరపత్రంలో మీరు ‘సిర’ అనే రాయాలి.

ఇంగ్లీషులోకి ఈ మాట 1300 ప్రాంతంలో పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, ఫ్రెంచికి లాటిన్ ‘వేనా’ నుంచి సంక్రమించింది. నిఘంటువులో మిమ్మల్ని తికమక పెట్టిన అర్థాలు దాదాపు అన్నీ లాటిన్‌లోనే ఉన్నాయి. రోమన్లు ఒంట్లో రక్తం పారే గొట్టాన్ని వేనా అన్నారు, నేల అడుగున నీళ్ళు పారే దారిని వేనా అన్నారు, బండలో లోహం సాగిన చారనూ, చెక్క మీదా రాతి మీదా కనిపించే గీతనూ అదే పేరుతో పిలిచారు. అంతటితో ఆగక, మనిషికి పుట్టుకతో అబ్బిన ప్రతిభను కూడా వేనా అన్నారు. పుష్కలమైన వేనా లేని ఒట్టి సాధన వల్ల కవికి ఏం ఒరుగుతుందో తనకు తోచడం లేదని రోమన్ కవి హోరేస్ అన్నప్పుడు ఆయన మాట్లాడుతున్నది నెత్తురు గురించి కాదు. అంటే ఈ అర్థాలను ఇంగ్లీషు ఒక్కొక్కటిగా కల్పించుకోలేదు, చాలావరకు గంపగుత్తగా తెచ్చుకుంది. వీటన్నిటినీ కలిపి ఉంచుతున్నది ఒకే ఊహ: ఒక గట్టి పదార్థం లోపల, కొమ్మలు వేసుకుంటూ, విలువైనదేదో నింపుకుని సాగే సన్నని దారి.

ఈ ఊహ రోమన్లకే తట్టిందనుకోకండి. 1వ శతాబ్దంలో రోమన్ తత్త్వవేత్త సెనెకా, భూమి కూడా మన శరీరం లాంటిదేనని, మనలో రక్తానికీ గాలికీ వేర్వేరు నాళాలున్నట్టే నేలలో నీళ్ళకూ గాలికీ దారులున్నాయని రాశాడు. 6వ శతాబ్దంలో మన వరాహమిహిరుడు కూడా బృహత్సంహితలో నేల అడుగు నీటిని కనిపెట్టే పద్ధతులు చెబుతూ, మనుషుల అవయవాల్లో సిరలున్నట్టే భూమిలోనూ కొన్ని ఎత్తున, కొన్ని లోతున సిరలుంటాయని మొదలుపెట్టాడు. ఆయన వాడినది అక్షరాలా ‘సిర’ అన్న మాటే. ఈ ఊళ్ళో బోరు వేయించే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని స్థలమంతా తిరిగే పెద్దమనుషుల లెక్కలను నేను నమ్మను గానీ, వాళ్ళ మనసులో ఉన్న బొమ్మ మాత్రం ఈ రెండు పుస్తకాల్లో ఉన్నదే.

ఇక రక్తం సంగతికి వస్తాను. లాటిన్ వేనా నేటి వెయిన్‌కు మాత్రమే పరిమితం కాదనడానికి మంచి రుజువు నాడి చూడటం. రోమన్ వైద్యుడు నాడి చూడటాన్ని ‘వేనాలను తాకి చూడటం’ అనేవారు. కొట్టుకునేది ధమనే (గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్ళే నాళం) గాని సిర కాదు కాబట్టి, అక్కడ వేనా అన్న మాటలో ధమని కూడా ఇమిడి ఉన్నట్టే. 1వ శతాబ్దంలో వైద్యం మీద గ్రంథం రాసిన రోమన్ రచయిత సెల్సస్, మనం వేనాలను ఎంతో నమ్ముతాం గానీ అంత మోసకారి ఇంకొకటి లేదని, వైద్యుడు రాగానే రోగికి కలిగే ఆందోళనకే అవి అదురుతాయని, అందువల్ల ముందు నవ్వు ముఖంతో కూర్చుని, అతడు కుదుటపడ్డాకే చెయ్యి పట్టుకోవాలని రాశాడు. రక్తపోటు చూసే ముందు రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టమని నేను చెబితే విసుక్కునే పిల్లలకు ఈ సంగతి చెబుతుంటాను. పాత ఫ్రెంచిలో కూడా ఆ మాటకు సిర, ధమని, నాడి అన్న మూడు అర్థాలూ ఉండేవి. ఇంగ్లీషు సాహిత్యంలో ఒకడి వెయిన్స్‌లో రాజరక్తం పారుతోందంటే ఇప్పటికీ ధమనులను మినహాయించి కాదు.

మరి అర్థం ఎప్పుడు ఇరుకైంది? దీనికి గ్రీకుల దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళ పాత మాట ‘ఫ్లెప్స్’. తొలినాళ్ళలో అది కూడా అన్ని రక్తనాళాలకూ చెల్లేది. రక్తం తీసే పనికి ఇంగ్లీషులో ఉన్న ‘ఫ్లెబాటమీ’ అన్న పేరు దాని నుంచి పుట్టిందే. ధమనికి ఇంగ్లీషులో ఉన్న ‘ఆర్టరీ’ అన్న పేరుకు మూలమైన ‘ఆర్టీరియా’ అన్న మాటకు మొదట్లో రక్తంతో సంబంధం లేదు, అది ఊపిరి గొట్టం పేరు. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో కాస్ ద్వీపానికి చెందిన వైద్యుడు ప్రాక్సాగొరస్ సిరలు, ధమనులు అనే రెండు రకాల నాళాలనూ విడదీసి చూపాడు. శవాల్లో ధమనులు ఖాళీగా కనిపిస్తాయి కాబట్టి, వాటిలో జీవించి ఉన్నప్పుడు పారేది గాలి అని ఆయన తీర్మానించాడు. ఆ విధంగా గాలిగొట్టం పేరు ధమనికి అంటుకుంది. అసలు గాలిగొట్టాన్ని వేరు చేసి చెప్పడానికి ‘గరుకు ఆర్టీరియా’ అనవలసి వచ్చింది. ఆ ‘గరుకు’ అన్న విశేషణమే నేడు మనం వాడే ‘ట్రేకియా’. 2వ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గేలెన్, ధమనిని రెండు చోట్ల దారంతో బిగించి మధ్యలో కోసి, లోపల ఉన్నది రక్తమేనని చూపించాడు. గాలి సిద్ధాంతం పోయినా పేరు మాత్రం మిగిలిపోయింది. అయితే గేలెన్ దృష్టిలో రక్తం కాలేయంలో తయారై సిరల గుండా బయటికి, ఒళ్ళంతటికీ ప్రవహిస్తుంది. అంటే ఆయన సిర, నేటి సిరకు సరిగ్గా ఎదురు దిశలో పారుతుంది. ఈ అభిప్రాయం దాదాపు 1400 ఏళ్ళు చెలామణి అయింది.

దాన్ని తలకిందులు చేసినది ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే. ఆయన గురువు ఫాబ్రీషియస్ ఇటలీలోని పాడువాలో సిరల లోపలి కవాటాల గురించి 1603లో ప్రచురించాడు గానీ, అవి బయటికి పోయే రక్తం జోరును తగ్గించడానికే ఉన్నాయని అనుకున్నాడు. శిష్యుడు అవే కవాటాలను చూసి, ఇవి రక్తాన్ని గుండె వైపు తప్ప మరో వైపు పోనివ్వవని గ్రహించి, 1628లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన లాటిన్ గ్రంథంలో రక్తప్రసరణను నిరూపించాడు. ఆయన చేసిన పరీక్షను నేను మొదటి వారంలోనే పిల్లల చేత వాళ్ళ చేతుల మీదే చేయిస్తాను, మీరూ చేసి చూడండి. మోచేతికి పైన ఒక గుడ్డ ఓ మోస్తరుగా బిగించి చెయ్యి కిందికి వేలాడదీస్తే, కాసేపటికి ముంజేతి మీద పచ్చటి తాడు లాంటిది ఉబ్బి, దాని మీద అక్కడక్కడా చిన్న ముడులు తేలతాయి. ఆ ముడులున్న చోట్లే కవాటాలు. ఒక ముడికి దిగువన ఒక వేలితో నొక్కి పట్టుకుని, రెండో వేలితో ఆ రక్తాన్ని మోచేతి వైపు ముడి దాటేదాకా తోసి, ఆ రెండో వేలు తీసేయండి. మధ్య భాగం చదునుగా, ఖాళీగా ఉండిపోతుంది. పైనున్న రక్తం వెనక్కి రాదు. దిగువ వేలు ఎత్తగానే అది కింది నుంచి రివ్వున నిండుతుంది. ఈ నాలుగు క్షణాల దృశ్యం చూశాక సిర అంటే ఏమిటో పిల్లలకు నిర్వచనం చెప్పనక్కరలేదు. (గుడ్డ ఒక నిమిషం మించి ఉంచకండి.) ధమని చివర నుంచి సిర మొదటికి రక్తం ఎలా చేరుతుందో హార్వే చూడలేకపోయాడు. ఆ సూక్ష్మనాళికలను 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మదర్శినితో చూశాడు.

అప్పటి నుంచి వైద్యంలో వెయిన్ అంటే రక్తాన్ని గుండె వైపు తెచ్చే నాళం. ఇక్కడ నిర్ణయించేది దిశే గాని రక్తం రంగు కాదు. మన చిన్నప్పటి పాఠాల్లో ‘ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం’ అని చెప్పేవారు. అది నాకు మొదటి నుంచీ నచ్చని వాక్యం, ఎందుకంటే ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరలో ప్రాణవాయువు నిండిన ఎర్రటి రక్తమే ఉంటుంది, గర్భంలోని శిశువుకు బొడ్డుతాడులోని సిర ద్వారా అందేదీ అటువంటి రక్తమే. పాత శరీరశాస్త్రం ఈ చిక్కును ఎలా పరిష్కరించుకుందో చూస్తే నవ్వు వస్తుంది. ఇప్పుడు ఊపిరితిత్తుల ధమని అంటున్న దాన్ని ‘ధమని లాంటి సిర’ అని, ఊపిరితిత్తుల సిరను ‘సిర లాంటి ధమని’ అని పిలిచేవారు. దిశను బట్టి పేరు పెట్టాలన్న నియమం కుదిరాక ఆ జోడు పేర్లు పోయాయి. పేగుల నుంచి కాలేయానికి వెళ్ళే సిర మాత్రం ఈ నియమానికి పూర్తిగా లొంగదు. అది నేరుగా గుండెకు పోదు, కాలేయంలో మళ్ళీ చీలుతుంది.

ఇక మన మాటల సంగతి. సిర, ధమని రెండూ చాలా పాతవి. అథర్వవేదంలో రక్తం కారకుండా ఆపే ఒక సూక్తంలో వంద ధమనులు, వెయ్యి ‘హిరలు’ అని వస్తుంది. ఆ హిరే తర్వాతి సిర. చరకుడు వ్యుత్పత్తి చెబుతూ, ఊదబడేవి కాబట్టి ధమనులు, సాగిపోయేవి కాబట్టి సిరలు అన్నాడు. ధమని అంటే ఊదే గొట్టం అన్నమాట, గ్రీకుల ఆర్టీరియా వెనక కూడా గాలిగొట్టమే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసి రాశారని నేను అనను. కోసినప్పుడు ఒకటి ఎగజిమ్ముతుంది, రెండోది నెమ్మదిగా కారుతుంది. కళ్ళున్న వైద్యుడికి ఎక్కడైనా ఆ తేడా తెలుస్తుంది. సుశ్రుతుడు 700 సిరలను లెక్కించి, తోటను నీటి బోదెల్లాగా, వరిమడిని కాలువల్లాగా ఇవి శరీరాన్ని తడుపుతాయనీ, చెట్టు ఆకు మీది ఈనెల్లా పాకుతాయనీ వర్ణించాడు. ఒకే వాక్యంలో నీటి కాలువ, ఆకు ఈనె, రక్తనాళం మూడూ కలిశాయి చూడండి. లాటిన్ నిఘంటువులో మీరు చూసిన చిట్టా ఇంచుమించు ఇదే. అయితే ఆయన సిరలకు మూలం నాభి, వాటిలో పారేవి వాత పిత్త కఫ రక్తాలు నాలుగూ. పాఠ్యపుస్తకం రాసేవారు ఆ పాత మాటను తీసుకుని హార్వే నిర్వచనాన్ని దానికి తొడిగారు. అందువల్ల సుశ్రుతుడి సిర, నేటి సిర ఒకటేనని ఎవరైనా వాదిస్తే ఒప్పుకోనక్కరలేదు.

కన్నడ ప్రతిలోని ‘అభిధమని’ మీకు వింతగా తోచి ఉంటుంది గానీ, నా దృష్టిలో అది తెలివైన ఏర్పాటు. కన్నడ పాఠ్యపుస్తకాలు ధమనిని ‘అపధమని’ అని, సిరను ‘అభిధమని’ అని అంటాయి. అప అంటే దూరంగా, అభి అంటే వైపుగా. గుండె నుంచి దూరంగా పోయేది ఒకటి, గుండె వైపు వచ్చేది ఇంకొకటి. హార్వే కనుగొన్న దిశ పేరులోనే ఉంది. మన సిరలో ఆ సమాచారం లేదు, ఒట్టి ప్రవాహం ఉంది. అలాగని దాన్ని తెలుగు కరపత్రంలోకి తేవద్దు. ధమని అన్న ముక్క చూసి చదువుకున్నవాళ్ళు కూడా ఎదురర్థం తీసుకుంటారు. మా తరగతిలో కోలారు పిల్లలు కన్నడంలో చదివి వచ్చి ఈ పొరపాటు చేస్తుంటారు.

నరం మన సొంత మాట, ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. కన్నడంలో ‘నర’, తమిళంలో ‘నరంబు’. తమిళంలో దానికి రక్తనాళం, స్పర్శనాడి, కండను ఎముకకు కట్టే స్నాయువు, వింటినారి, యాళ్ అనే పాత తీగ వాద్యపు తీగ, ఆకు ఈనె ఇన్ని అర్థాలున్నాయి. ఒంట్లో తాడులా కనిపించేదల్లా నరమే. మన వాళ్ళు ఏదో కలగాపులగం చేశారని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఇంగ్లీషు ‘నర్వ్’కు తల్లి అయిన లాటిన్ ‘నెర్వుస్’ కూడా స్నాయువు, వింటినారి, వీణ తీగ అన్న అర్థాలతోనే పుట్టి పెరిగింది, స్పర్శను మోసే తంతువు అన్న అర్థం దానికి తర్వాత స్థిరపడింది. ఉంగరపు వేలి కథ ఇందుకు సరదా ఉదాహరణ. ఆ వేలి నుంచి గుండెకు ఒక అతి సన్నని నెర్వుస్ పోతుందని ఈజిప్టు వారు కనుగొన్నారట అని 2వ శతాబ్దపు రోమన్ రచయిత గెల్లియస్ రాశాడు. అదే నమ్మకం తర్వాతి కాలంలో ‘ప్రేమ వెయిన్’గా మారి ప్రచారమైంది. నిజానికి అలాంటి ప్రత్యేకమైన నాళం గాని, నరం గాని లేవు, చేతి వేళ్ళన్నిటిదీ ఒకే ఏర్పాటు. ‘నరం లేని నాలుక’ అని మనం అంటాం కదా, అందులో నరం అంటే నిలకడనిచ్చే బిగువు. నాలుక నిండా నరాలూ రక్తనాళాలూ ఉన్నాయని విద్యార్థులు ఆ సామెతను సరిదిద్దబోతే నేను వద్దంటాను.

అయితే ఈ విశాలత ఆస్పత్రిలో ప్రమాదం తెచ్చిపెడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి చెబుతాను. హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు తుంటి ఎముక శస్త్రచికిత్స అయ్యాక పిక్క వాచింది. డాక్టరు గారు కాలి లోపలి వెయిన్‌లో రక్తం గడ్డకట్టిందని ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోతే, నేను ఆయనకు, ఆయన కొడుక్కు, ‘కాలి నరంలో గడ్డ కట్టింది, మందు ఇస్తున్నాం’ అని చెప్పాను. ‘నరం’ అనగానే వాళ్ళకు వినిపించినది పక్షవాతం. పెద్దాయన, ‘ఇక కాలు పడిపోయినట్టేనా అమ్మా?’ అని అడిగారు. కాదన్నాను గానీ ఎందుకు అలా అడిగారో ఆలోచించలేదు. ఆ రాత్రి కొడుకు బయటి నుంచి నువ్వుల నూనె తెచ్చి, నరం సాగాలని, పిక్కను కింది నుంచి పైకి గట్టిగా రుద్దుతుండగా రాత్రి డ్యూటీ సిస్టర్ చూసి ఆపింది. గడ్డ ఉన్న కాలిని అలా మర్దన చేస్తే అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు, నరం పట్టేసినప్పుడు ఎవరైనా చేసే పనే అతను చేశాడు. తప్పు నేను ఎంచుకున్న మాటది. మీ కరపత్రం కూడా ఇదే జబ్బు గురించి కాబట్టి ఇది ఇంత వివరంగా రాశాను.

రక్తంతో సంబంధం లేని అర్థాల దగ్గర ఎక్కువ ఆగను. గని అర్థం ఇంగ్లీషులో 14వ శతాబ్దం చివరి నుంచే ఉంది. బెంగళూరు వాళ్ళకు దాని నమూనా దగ్గరలోనే ఉండేది. కోలారు బంగారు గనుల్లో బంగారం స్ఫటికశిల చారల్లో ఉండేది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ పని మొదలుపెట్టిన నాటి నుంచి 2001లో మూసేసే దాకా ఆ చారల వెంటబడి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. మా మేనమామ అక్కడ పని చేసేవారు. ఆయన నోట ‘వెయిన్’ అన్న మాట నేను వినలేదు, ‘రీఫ్’, ‘లోడ్’ అనేవారు, తెలుగులో చెప్పవలసి వస్తే ‘చార’ అనేవారు. కాబట్టి అనువాదంలో బంగారపు చార అంటే చాలు. రాతిలో చారలు ఎలా సాగుతాయో చూడాలంటే లాల్‌బాగ్‌లోని బండ ఎక్కండి. దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి ఆ రాయి మీద నల్లటి, లేత రంగు పట్టీలు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. ఆకు విషయంలో మన భాష ఇంగ్లీషు కంటే మెరుగ్గా ఉంది. ‘ఈనె’ అన్న ప్రత్యేకమైన మాట మనకుంది, తాంబూలం చుట్టే ముందు తమలపాకు వెనక గోటితో గీకి ఈనె తీసే ప్రతివారికీ అది తెలుసు. వృక్షశాస్త్రంలోనూ ‘ఈనెల వ్యాపనం’ అనే రాస్తారు. గ్రానైటు పలక మీద ఉన్న వాటిని అమ్మేవాళ్ళు కూడా గీతలనే అంటారు.

ధోరణి అన్న అర్థం ఇంగ్లీషులో 16వ శతాబ్దం ద్వితీయార్ధంలో కనిపిస్తుంది. షేక్‌స్పియర్ మూడవ రిచర్డ్ నాటకంలో, ఇస్తానన్న జమీను గురించి బకింగ్‌హామ్ గుర్తుచేస్తే, రాజు ‘ఇవాళ నేను ఇచ్చే వెయిన్‌లో లేను’ అని విదిలించుకుంటాడు. ఇప్పటి మన వాడుకలో అయితే ‘మూడ్‌లో లేను’ అంటాం. రచన గురించి, ప్రసంగం గురించి ఆ మాట వస్తే ‘అదే ధోరణిలో’, ‘అదే కోవలో’, ‘అదే బాణీలో’ అన్నవి చక్కగా అతుకుతాయి. ‘అదే సిరలో’ అని ఒకచోట అచ్చులో చూశాను. అనువాదకుడు నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోయాడన్నమాట. ఉచ్చారణ ఒకటే కావడం వల్ల మా పిల్లలు ‘వ్యర్థంగా’ అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు ‘వెయిన్’ను కూడా దీనితో కలిపేస్తుంటారు. అది ‘ఖాళీ’ అన్న అర్థమున్న ‘వానుస్’ అనే వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది. గాలి దిశను చూపే కోడిపుంజు బొమ్మ పేరు కూడా అలాగే పలుకుతుంది గానీ అది జెండాకు ఉన్న పాత ఇంగ్లీషు పేరు. విషానికి వాడే ‘వెనమ్’కు కూడా దీనితో చుట్టరికం లేదు.

ఇప్పుడు మీ 11 చోట్లు. మీరు పంపిన వాక్యాలు చూశాను. పదో చోట ఉన్నది రక్తనాళం కాదు, ‘అదే కోవలో’ అని మార్చండి. చర్మం మీద సన్నగా అల్లుకున్న వాటి గురించి ఉన్న ఎనిమిదో చోట ‘సాలెగూడులా కనిపించే సన్నని సిరలు’ అనండి. మిగిలిన తొమ్మిది చోట్లా ఒట్టి ‘సిర’ చాలు. మధ్యలో ‘రక్తనాళం’ అని మార్చి మార్చి రాయవద్దు, చదివేవారు రెండు వేర్వేరు వస్తువులనుకుంటారు. మీ కరపత్రంలో ‘నర్వ్’ కూడా ఒకసారి వచ్చింది. పాఠ్యపుస్తకం ప్రకారం దానికి ‘నాడి’ అనాలి గానీ, మన ఇళ్ళలో నాడి అంటే మణికట్టు దగ్గర కొట్టుకునేదే. కాబట్టి అక్కడ ‘స్పర్శను తెలిపే నరం’ అనండి, నరం అన్న మాటను ఆ ఒక్క పనికే కేటాయించండి. వాడుకలో సిరను కూడా నరమంటారన్న సంగతి మొదటి పేజీలోనే ఒకసారి ఒప్పుకుని వదిలేయాలి. అందుకు నేనైతే ఇలా రాస్తాను: ‘ఒంట్లోని రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాలను సిరలు అంటారు. చేతుల మీద పచ్చగా కనిపించేవి ఇవే. చాలామంది వీటిని నరాలని పిలుస్తారు గానీ, ఇవి స్పర్శను తెలిపే నరాలు కావు. కాలి సిరలో రక్తం గడ్డకడితే అది పక్షవాతం కాదు. ఆ కాలిని రుద్దవద్దు, నూనె మర్దన చేయవద్దు, వెంటనే సిస్టర్‌కు చెప్పండి.’ ఈ చివరి వాక్యాన్ని కొంచెం పెద్ద అక్షరాల్లో వేయించండి.